నల్గొండలో ప్లాటు రేట్లు: అపోహలు - వాస్తవాలు

ఇళ్లకు, ప్లాట్లకు బ్యాంకుల తరఫున విలువ కట్టడం నా పని. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అప్పుడప్పుడు జడ్చర్ల దాకా తిరుగుతుంటాను. టేపు పట్టుకుని ప్లాటులో దిగగానే పక్కింటాయన వచ్చి "సార్, గజం ఎంత నడుస్తున్నది?" అని అడుగుతాడు. నిజానికి ఆ మాట నేను ఆయన్ని అడగాలి.

అపోహ: భూమి రేటు ఎన్నడూ పడదు

పడుతుంది. కాకపోతే రేటు కంటే ముందు అమ్మకాలు ఆగిపోతాయి, అందుకే పడినట్టు కనపడదు. బజారు మందగించిందని యజమాని గజానికి వెయ్యి తగ్గించడు. "నాకేం తొందర, ఉంటే ఉంటది" అని కూర్చుంటాడు. ఏడాది గడిచినా నోటి రేటు అదే, కొన్నవాడు మాత్రం లేడు. అందుకే వాళ్లు చెప్పిన రేటు నేను రాసుకుంటాను గానీ నమ్మను. ఆ వీధిలో చివరి రిజిస్ట్రేషన్ ఎప్పుడైంది? బయానా ఇచ్చినవాళ్లు గడువు పెంచమని తిరుగుతున్నారా? వెంచర్‌వాళ్లు "రేటు తగ్గదు, కానీ రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే, వాయిదాల్లో కట్టండి" అంటున్నారా? అదీ తగ్గింపే, పేరు మారిందంతే.

బిడ్డ పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో ఒకరు అమ్మితే ఊరంతా "పాపం, అవసరానికి అమ్ముకున్నడు" అని దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. అలాంటి అమ్మకాన్ని పక్కన పెట్టమనే మా పద్ధతి కూడా చెబుతుంది. ఆర్నెల్లుగా ఆ వీధిలో జరిగిన అమ్మకం అదొక్కటే అయినప్పుడు ఏం చేయాలో మాత్రం నాకు ఇప్పటికీ తలనొప్పే.

అపోహ: పదికి కొని పదిహేనుకు అమ్మితే మంచి లాభం

200 గజాలు, గజం 10,000 చొప్పున 20 లక్షలకు కొన్నారనుకుందాం. 2021 జూలై నుంచి మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం. పూర్తి విలువకు చేయిస్తే అదే లక్షన్నర. ఆరేళ్లకు 30 లక్షలకు అమ్మి, అందులో ఒక శాతం మధ్యవర్తికి ఇచ్చారు. పన్ను కట్టకముందే, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి వచ్చిన లాభం సుమారు ఐదున్నర శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా దాదాపు అంతే ఇస్తుంది, కబ్జా టెన్షన్ లేకుండా.

అపోహ: తక్కువ విలువకు రాయించుకుంటే మనకే మిగులు

స్టాంపు డ్యూటీ మిగులుతుంది, నిజమే. అయితే డాక్యుమెంటులో కనపడని డబ్బుకు బ్యాంకు లోన్ ఇవ్వదు. రేపు అమ్మేటప్పుడు అవతలివాడు మొత్తం చెక్కుతోనే ఇస్తానంటే, కాగితం మీద మీ లాభం ఉన్నదానికంటే ఎక్కువగా తేలి పన్ను మీ మెడకు చుట్టుకుంటుంది. ఇక ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. రోడ్డు కోసమో, కాలువ కోసమో భూమి తీసుకునేటప్పుడు 2013 భూసేకరణ చట్టం చూసేవాటిలో గత మూడేళ్లలో చుట్టుపక్కల రిజిస్టరైన డాక్యుమెంట్ల ధరలు కూడా ఉన్నాయి. అందులోనూ ఎక్కువ ధర ఉన్న సగానికే సరాసరి కడతారు. ఊరంతా తక్కువ రాయించుకుంటే ఆ పై సగం కూడా తక్కువే. "మా దగ్గర ఎకరం కోటి పలుకుతుంది, ఇంత తక్కువ ఇస్తారా" అని తర్వాత ధర్నా చేసినా, ఆ కోటి ఏ డాక్యుమెంటులోనూ లేదు.

అపోహ: ట్రిపుల్ ఆర్ (హైదరాబాద్ చుట్టూ రాబోయే రీజినల్ రింగ్ రోడ్డు) పక్కన కొంటే కళ్లు మూసుకోవచ్చు

చౌటుప్పల్ వైపు, ఆమనగల్లు వైపు ఈ మాట చెప్పని ఏజెంటు లేడు. అది ఎక్కడపడితే అక్కడ ఎక్కి దిగే రోడ్డు కాదు. ఇంటర్‌చేంజి ఉన్నచోటే ఎక్కాలి, అక్కడే దిగాలి. దానికి దూరంగా రోడ్డును ఆనుకుని ఉన్న ప్లాటుకు దక్కేది లారీల చప్పుడు. పైగా రోడ్డు వస్తుందన్న ఆశ ధర మీరు బయానా ఇచ్చేనాటికే రేటులో కలిసిపోయి ఉంటుంది.

అపోహ: అద్దె కట్టడం దండగ

నల్గొండలో నేను చూసే 50 లక్షల ఇళ్లకు అద్దె 10 నుంచి 12 వేలు. అదే ఇంటికి 40 లక్షల లోన్, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే నెలకు 33 వేల పైమాటే. ఆ తేడా ఏమైపోతుందో ఎవరూ లెక్కేయరు. ఇంత తెలిసీ నేనూ లోన్ తీసుకునే ఇల్లు కట్టుకున్నాను. మా అమ్మ అద్దింట్లో తులసికోట పెట్టనంది మరి.