చీకట్లో కచేరీ ఫొటోలు: అపోహలు, వాస్తవాలు

మా విజయనగరంలో పాటకి కొదవుండదు. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది ఇక్కడే, ఘంటసాల చదువుకున్నదీ ఇక్కడే. పెళ్ళిళ్ళ సీజన్ లేనప్పుడు నా కెమెరాకి కచేరీలే పని. డబ్బులు పెద్దగా రావు గానీ చెవులకి మాత్రం పండగ. ఈమధ్య కొత్తగా కెమెరా పట్టిన కుర్రాళ్ళు వచ్చి తిప్పితిప్పి అవే మాటలు అంటుంటే, ఒకసారి రాసేస్తే పోతుంది కదా అనిపించింది.

అపోహ: ఫ్లాష్ కొట్టకపోతే ఫొటో రాదు.

పదో వరుసలో కూర్చుని కెమెరా మీదున్న చిన్న ఫ్లాష్ కొడితే వెలిగేది స్టేజీ కాదు, తొమ్మిదో వరుసలో పెద్దాయన బట్టతల. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, స్టేజీ దాకా వెళ్ళేసరికి ఏమీ మిగలదు. దగ్గర్నుంచి కొట్టినా స్టేజీ లైట్ల రంగంతా చచ్చిపోయి ముఖం రేషన్ కార్డు ఫొటోలా వస్తుంది. నేనూ మొదట్లో కొట్టాను లెండి. ఆలాపన మధ్యలో, కళ్ళు మూసుకుని పాడుతున్న ఆవిడ ముఖం మీద. ఆవిడ కళ్ళు తెరిచారు, రాగం ఒక్క క్షణం తడబడింది, ముందు వరుసలో ఒక మాస్టారు వెనక్కి తిరిగి, "ఏటి బాబూ ఆ మెరుపులు, పెళ్ళనుకున్నావా?" అన్నారు. ఆ రోజు తర్వాత కచేరీకి వెళ్తే ఫ్లాష్ యూనిట్ బ్యాగులోంచి బయటికి తియ్యలేదు. అన్నట్టు, ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే చిన్న నారింజ లైటుంటుంది, మెనూలోకి వెళ్ళి దాన్ని కూడా ఆపేయండి. కళాకారులకి అదీ చిరాకే.

అపోహ: హాలు చీకటిగా ఉంది, వెలుగు చాలదు.

హాలు చీకటే, పాడేవాళ్ళ ముఖం మీద మాత్రం లైటు పడుతోంది. వెనకున్న నల్ల తెర చూసి కెమెరా కంగారుపడి వెలుగు పెంచేస్తుంది, దాంతో ముఖం, తెల్ల పంచె సున్నం కొట్టినట్టు వస్తాయి. స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుగునే కొలిచే పద్ధతి) పెట్టి ముఖానికి కొలవండి, లేదా మాన్యువల్‌లో ఒకసారి సరిచేసుకుని వదిలేయండి. కెమెరా తలుపులాంటి షట్టర్‌ని మీరు అనుకున్నదానికంటే వేగంగా తెరిచి మూసెయ్యొచ్చు.

అపోహ: ఐఎస్‌ఓ 800 దాటితే ఫొటో పాడు.

ఐఎస్‌ఓ అంటే వెలుగుకి కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె, అది పెంచితే గ్రెయిన్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, పెరుగుతుందని భయం. ఈ భయంతోనే ఎక్కువ ఫొటోలు పాడవుతున్నాయి. ఐఎస్‌ఓ తక్కువ పెట్టి 1/20లో, అంటే సెకనులో ఇరవయ్యో వంతు సేపు షట్టర్ తెరిచి, తీస్తారు, ముఖం షేకవుతుంది. లేదంటే చీకటిగా తీసి, ఇంటికెళ్ళి కంప్యూటర్‌లో వెలుగు లాగుతారు, అప్పుడు వచ్చే గ్రెయిన్ ముందే 3200 పెట్టి సరిగ్గా తీసినదానికంటే ఎక్కువే ఉంటుంది. నేను 3200 నుంచి 6400 దాకా ధైర్యంగా వెళ్తాను. 8x12 ప్రింటు వేస్తే ఆ గ్రెయిన్ చాలావరకు కనబడదు, షేకైన కన్ను మాత్రం స్టాంపు సైజులో కూడా కనబడుతుంది. రా ఫైల్‌లో (కెమెరా సొంతంగా మార్పులు చెయ్యకుండా దాచే ఫైలు) తీస్తే రంగులు తర్వాత సరిచేసుకోవచ్చు.

అపోహ: స్టెబిలైజేషన్ ఉంది, ట్రైపాడ్ ఉంది, ఇక బ్లర్ రాదు.

అవి మీ చేతి వణుకుని ఆపుతాయి, మృదంగం వాయించేవాడి చేతిని ఆపలేవు. పాడేవాళ్ళకి 1/125 ఉంటే నాకు చాలు, వాయించే చేతులకి 1/250 పెట్టినా వేళ్ళు చెదిరే అవకాశం ఉంది. మరెలా అంటే, వినాలి. వయొలిన్ కమాను ఒక కొసకి వెళ్ళి వెనక్కి తిరిగే ముందు రెప్పపాటు ఆగుతుంది. రెండుమూడు ఆవర్తాలు (తాళం చుట్లు) కెమెరా దించి వింటే ఆ తిరిగే చోటు చెవికే తెలిసిపోతుంది, అప్పుడు నొక్కితే 1/60లో కూడా కమాను గీత గీసినట్టు వస్తుంది. తప్పెటగుళ్ళ వాళ్ళదీ ఇదే లెక్క. శ్రీకాకుళం వైపు ఊళ్ళలో రాత్రిపూట ట్యూబ్‌లైట్ల కింద ఆడుతుంటారు, ఛాతీకి రేకు గుళ్ళు, కాళ్ళకి గజ్జెలు, ఎగిరారంటే ఆగరు. కానీ ఎగిరినవాడు పైకొసన ఒక్క క్షణం గాల్లో నిలబడతాడు, కెమెరాకి కావలసింది అదే. కాళ్ళు చూడకండి, గుళ్ళ దెబ్బ వినండి.

అపోహ: లక్ష రూపాయల కెమెరా ఉండాలి.

అక్కర్లేదు. కిట్ లెన్స్ (కెమెరాతో పాటు వచ్చేది) పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది, ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది. ఫిఫ్టీ ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికి దాదాపు పది రెట్లు వెలుగు తీసుకుంటుంది, అంటే 1/20 కాస్తా 1/200 అవుతుంది. ముందు అది కొనండి. ఒక్కటే జాగ్రత్త, 1.8లో దగ్గర్నుంచి తీస్తే మైక్ మీద ఫోకస్ పడి కళ్ళు మసకబారతాయి. ఫోకస్ పాయింట్ కంటి మీదే పెట్టండి.

అపోహ: సైలెంట్ షట్టర్ పెడితే అన్నివిధాలా మంచిది.

చప్పుడు రాదు, నిజమే. ఒక గుడి ఉత్సవంలో నేనూ మురిసిపోయి రాత్రంతా అలాగే తీశాను, ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫొటోలో అడ్డంగా నల్ల చారలు, చారల లుంగీలా. సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పట్టే పలక) ఒక్కో వరుసా చదువుతూ పోతుంది, ఆలోపు ఎల్‌ఈడీ లైటు ఆరి వెలుగుతుంటుంది, అదీ సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ట్యూబ్‌లైట్లు సెకనుకి వంద సార్లు మినుకుమంటాయి, 1/100 లేదా 1/50 పెడితే చారలు తగ్గుతాయి. వెలుగు తగ్గించిన స్టేజీ ఎల్‌ఈడీలకి ఈ లెక్క పనిచెయ్యకపోవచ్చు. మొదటి పాటలోనే నాలుగు తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోండి. చారలుంటే మెకానికల్ షట్టర్‌కి మారిపోయి, చప్పట్లు, మృదంగం మోత ఉన్నప్పుడే నొక్కండి.

అపోహ: ఎర్ర లైటు పడితే ఫొటో అదిరిపోతుంది.

ముఖం టమాటా ముద్దలా వస్తుంది. ఎరుపు ఒక్కటే నిండిపోయి ముక్కూ చెంపా కలిసిపోతాయి. లైటు మారేదాకా ఆగండి, తప్పదనుకుంటే ఎక్స్‌పోజర్ బాగా తగ్గించండి.

అపోహ: ముందు వరుసలో నట్టనడుమ కూర్చుంటేనే మంచి ఫొటో.

నడుమ కూర్చుంటే పాడేవాళ్ళ నోటికి మైక్ అడ్డం. కాస్త పక్కకి జరగండి. మృదంగం సాధారణంగా మన ఎడమవైపు ఉంటుంది, వాయించేవాళ్ళ కుడిచెయ్యి మనవైపే కనబడుతుంది. తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) అయ్యి ముగింపు ముక్తాయింపు పడగానే అందరూ కెమెరా దించి చప్పట్లు కొడతారు, మీరు దించకండి. ఆ రెండు సెకన్లలోనే మృదంగం ఆయన తలెత్తి వయొలిన్ ఆవిడ వైపు చూసి నవ్వుతాడు. చేతులు కదలవు, 1/60 చాలు.