జట్టు పెద్ద చేతులు ఖాళీగా ఉండాలి: సరిహద్దు ఠాణాల శిక్షణపై అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి నుంచి మోహనా వెళ్లే కొండదారిలో బండి బోల్తా పడితే, అంబులెన్స్ కన్నా ముందు చేరేది చాలాసార్లు ఠాణా జీపే. అందులో ఒక ఎస్సై లేదా ఏఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక హోంగార్డు ఉంటారు. ఒకరికి తెలుగు, ఒకరికి ఒడియా, అదృష్టం బాగుంటే ఒకరికి సవర వస్తుంది. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా జిల్లాలు గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్‌లలో ఇలాంటి జట్లకు పెద్దలుగా ఉన్నవాళ్ల కోసమే ఈ రాత. శిక్షణ తరగతుల్లో మళ్లీమళ్లీ వినిపించే అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: అందరికన్నా ముందు దూకి క్షతగాత్రుణ్ని ఎత్తేవాడే మంచి ఆఫీసర్.

వాస్తవం: మేం అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట ఇదే. జట్టు పెద్ద ఒక మనిషి మీదికి వంగిన క్షణం నుంచి మిగతా చోటు చూసేవాళ్లు ఉండరు. వెనక నుంచి వస్తున్న లారీ, కారుతున్న డీజిల్, పొదల్లో పడి అరవలేకపోతున్న నాలుగో మనిషి, ఇవేవీ ఎవరి కంటా పడవు. ఒక మనిషి ఒకేసారి ముగ్గురి నుంచి ఏడుగురి దాకా నడిపించగలడని, ఐదుగురైతే మేలని ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ (విపత్తు వేళ ఎవరు ఎవర్ని నడిపించాలో చెప్పే పద్ధతి) చెబుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దీని మీద 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తన చేతులు రక్తంలో ఉన్నవాడు ఒక్కణ్ని కూడా నడిపించలేడు.

మొదటి ఐదు నిమిషాల్లో పెద్ద చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. దిగే ముందే జీపును ప్రమాదస్థలానికి కాస్త ఇవతల, రోడ్డుకు ఏటవాలుగా ఆపించాలి. ముందు చక్రాలు గాయపడ్డవాళ్ల వైపు కాకుండా పక్కకు తిప్పి ఉండాలి. వెనక నుంచి ఏ బండైనా గుద్దితే జీపు పోయి మనవాళ్ల మీద పడకూడదు కదా. తర్వాత ఒకణ్ని టార్చి, ఎర్ర జెండాతో వెనక్కి పంపాలి. ఎంత దూరం అని అడిగితే చాలామంది "ఓ ఇరవై అడుగులు" అంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే, రెండున్నర సెకన్లలో, 40 మీటర్లు దాటిపోతుంది. ఆ తర్వాతే అది ఆగడం మొదలవుతుంది. అందుకే మామూలు రోడ్డు మీద కనీసం 100 మీటర్లు, బరంపురం - ఇచ్ఛాపురం మధ్య జాతీయ రహదారి 16 లాంటి చోట 200 మీటర్లు పెట్టుకోమంటాం. ఘాట్ రోడ్డులో కొలత కన్నా మలుపు ముఖ్యం. జెండా పట్టుకున్నవాడు మలుపుకు అవతల ఉండాలి. ఇవతల ఉంటే డ్రైవరుకు మనిషి, ప్రమాదం రెండూ ఒకేసారి కనిపిస్తాయి. రెండు వైపులా రాకపోకలున్న రోడ్డుకు ఇద్దరు మనుషులు కావాలి.

మూడో పని వైర్‌లెస్ సందేశం. "పెద్ద యాక్సిడెంట్ అయ్యింది, వెంటనే పంపండి" అనేది సందేశం కాదు, కేక. కంట్రోల్ రూమ్‌కు పనికొచ్చేది ఇలా ఉంటుంది: "మోహనా రోడ్డు, ఆర్.ఉదయగిరి దాటాక రెండో మలుపు. మినీ బస్సు లోయవైపు ఒరిగింది. డీజిల్ కారుతోంది. మోహనా వైపు నుంచి దారి ఉంది, ఇటువైపు మూసుకుపోయింది. గాయపడ్డవాళ్లు పదిహేనుకు పైనే. మేం నలుగురం. మూడు అంబులెన్సులు, ఫైర్ బండి, క్రేను కావాలి." చోటు, ఏం జరిగింది, ప్రమాదం, దారి, ఎంతమంది, ఎవరున్నారు, ఏం కావాలి. ఈ ఏడు ముక్కలూ ముప్పై సెకన్లలో చెప్పేయవచ్చు. అభ్యాసం చేయించి చూస్తే ఎక్కువగా తప్పిపోయేది "దారి". అది చెప్పకపోతే అంబులెన్స్ మూసుకుపోయిన వైపు నుంచి వచ్చి, బండ్ల బారులో ఇరుక్కుంటుంది.

అపోహ: గట్టిగా అరిచేవాణ్ని ముందు చూడాలి.

వాస్తవం: అరిచేవాడికి ఊపిరి ఆడుతోంది. చప్పుడు చేయనివాడి దగ్గరికి ముందు వెళ్లాలి.

గాయపడ్డవాళ్లు జట్టుకన్నా ఎక్కువమంది ఉంటే ముందుగా అందరికీ వినపడేలా, తెలుగులోనూ ఒడియాలోనూ, "నడవగలిగినవాళ్లు ఆ చెట్టు కిందికి రండి" అనాలి. వచ్చినవాళ్లకు ఆకుపచ్చ రిబ్బన్. ఎరుపు అంటే ముందు చూడాల్సినవాళ్లు, పసుపు కాస్త ఆగగలిగినవాళ్లు, ఆకుపచ్చ చిన్న గాయాలవాళ్లు, నలుపు బతికే ఆశ లేనివాళ్లు. మిగిలినవాళ్ల దగ్గరికి వరసగా వెళ్లి, ఒక్కొక్కరి దగ్గర నిమిషం లోపే తేల్చాలి. ఊపిరి లేకపోతే తల సరిచేసి, గడ్డం పైకెత్తి చూడాలి. అప్పటికీ లేకపోతే నల్ల రిబ్బన్, వస్తే ఎరుపు. ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు. పది సెకన్లు లెక్కపెట్టి, ఐదు దాటిందా అని చూస్తే చాలు. మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, గోరు నొక్కి వదిలాక రంగు తిరిగి రావడానికి రెండు సెకన్లకు మించి పట్టినా ఎరుపు. "నా చెయ్యి నొక్కు" అంటే నొక్కలేకపోతే ఎరుపు. మిగిలినవాళ్లకు పసుపు. ఈ తిరుగుడులో చేయదగ్గ వైద్యం రెండే: ఊపిరి దారి తెరవడం, ధారగా కారే రక్తాన్ని ఆపడం. ఇక్కడ ఒక చిక్కుంది. సవర లేదా కువి మాత్రమే వచ్చిన మనిషి "నొక్కు" అంటే నొక్కకపోవచ్చు. అతనికి స్పృహ లేదని కాదు, మాట అర్థం కాలేదని. అందుకే మాటతో పాటు మీ చెయ్యి నొక్కి చూపించండి. ఒడియాలో "కేఉంఠి కష్టొ హేఉఛి" (ఎక్కడ బాధగా ఉంది) లాంటి నాలుగైదు ముక్కలు జీపులో అందరికీ రావాలి. వాటికి సవర మాటలను మీ ఠాణా గ్రామరక్షి (ఊరి కాపలా మనిషి) దగ్గర రాయించుకోండి.

పిడుగు పడ్డ చోట ఈ లెక్క తలకిందులవుతుంది. పిడుగుపాటుకు గుండె, ఊపిరి ఆగినవాణ్ని వెంటనే పట్టుకుంటే బతికించే అవకాశం ఎక్కువ. అప్పటికే ఊపిరి తీసుకుంటున్నవాళ్లు సాధారణంగా బతుకుతారు. కాబట్టి చనిపోయినట్టు కనిపించేవాడి దగ్గరే మొదలుపెట్టాలి. ఒంట్లో కరెంటు మిగిలి ఉంటుందని ముట్టుకోవడానికి జంకుతారు గానీ, అలా ఏమీ మిగలదు.

అపోహ: రక్తం కారినా, పాము కరిచినా పైన గట్టిగా కట్టేయాలి.

వాస్తవం: గుడ్డ ఒకటే అయినా సూత్రాలు రెండూ వేరు. తరగతిలో ఈ రెంటినీ ఒకే రోజు చెబితే జనం కలిపేసుకుంటారు. వేర్వేరు వారాల్లో చెప్పండి.

చేతికో కాలికో తగిలిన గాయం నుంచి రక్తం చిమ్ముతూ, గట్టిగా అదిమినా ఆగకపోతే బిగింపు కట్టు వేయాలి. కనీసం 4 సెంటీమీటర్ల వెడల్పున్న గుడ్డను గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన కట్టాలి. మోకాలి మీదా మోచేతి మీదా కట్టకూడదు. ముడిలో గట్టి పుల్ల పెట్టి, రక్తం ఆగేదాకా తిప్పాలి. బాల్‌పెన్ను విరిగిపోతుంది, పొడుగు లాఠీ తిరగదు. జానెడు వెదురు ముక్కను కిట్‌లోనే ఉంచుకోవడం మేలు. సన్నని తాడు, వైరు వాడితే కండ కోసుకుపోతుంది. బిగించిన సమయాన్ని నుదుటి మీదో కట్టు మీదో మార్కర్‌తో రాయాలి. మధ్యలో వదులు చేయకూడదు, అది డాక్టరు పని. ఎక్కువగా జరిగే తప్పు సగం బిగించి వదిలేయడం. అప్పుడు లోపలికి రక్తం వెళ్తూనే ఉంటుంది, తిరిగి రాలేదు, కారడం ఇంకా పెరుగుతుంది. నొప్పికి మనిషి కేకలు వేస్తాడు. కట్టు సరిగ్గా పడితే నొప్పి ఉండటం మామూలే.

పాముకాటుకు ఇవేవీ వద్దు. కట్టొద్దు, కోయొద్దు, పీల్చొద్దు. ఉంగరాలు, కడియాలు, మొలతాడు తీసేసి, కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా బద్ద కట్టి, నడవనివ్వకుండా మోసుకెళ్లాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు కనిపించకపోవచ్చు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే ఊపిరి ఆగే ప్రమాదం దగ్గరపడినట్టే. పామును చంపి తేవాల్సిన పని లేదు. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే. దూరంగా ఉండి ఫోటో తీయగలిగితే చాలు.

ఇందులో ఠాణా పని ఇంకొకటుంది. పాముకాటు, పిడుగు, నీట మునగడాన్ని ఒడిశా ప్రభుత్వం 2015లో రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. మరణిస్తే కుటుంబానికి 4 లక్షల రూపాయలు వస్తాయి. పంచనామా, పోస్ట్‌మార్టం లేకుండా ఖననం జరిగిపోతే ఆ డబ్బుకు దారి మూసుకుపోతుంది. "ఎందుకులెండి, పాపం" అని జాలితో వదిలేసే హవల్దారు ఆ ఇంటికి మేలు చేయడం లేదు. ఈ సంగతి సంతలో, వార్డు సమావేశాల్లో ముందే చెప్పి ఉంచాలి.

అపోహ: హద్దు అవతల జరిగితే అవతలి ఠాణా చూసుకోవాలి.

వాస్తవం: సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. కాగితం సంగతి అటుంచితే, ప్రాణం కాపాడటానికి హద్దు ఎప్పుడూ అడ్డు కాదు.

అసలు చిక్కు ఫోను దగ్గర వస్తుంది. 112కు చేసిన కాల్ ఏ టవర్‌కు అందితే ఆ రాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉంది. గిరిసోల దగ్గర నిలబడి చేస్తే ఆంధ్రకు, పాతపట్నం అంచున చేస్తే ఒడిశాకు పోవచ్చు. పైగా ఊరి పేరు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. బరంపురం అన్నా బ్రహ్మపుర్ అన్నా ఒకటేనని అవతలి ఆపరేటరుకు తెలియకపోవచ్చు. ఠాణా గోడ మీద ఒక పట్టిక పెట్టండి: హద్దు అవతలి రెండు ఠాణాల డ్యూటీ నంబర్లు, దగ్గరి రెండు ఆసుపత్రులు, ప్రతి ఊరికీ రెండు భాషల్లో పేరు. మూడు నెలలకోసారి ఆ నంబర్లకు ఫోన్ చేసి పనిచేస్తున్నాయో లేదో చూడాలి. గోడ మీది నంబర్లలో సగం పాతబడిపోవడం మామూలే.

అపోహ: ఫోరెన్సిక్ వాళ్లు వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకూడదు.

వాస్తవం: ముందు ప్రాణం, తర్వాత సాక్ష్యం. రెండూ దక్కించుకునే పద్ధతి ఉంది. లోపలికి వెళ్లే దారి ఒక్కటే పెట్టాలి, అందరూ దాని మీదే నడవాలి. ఏది కదిపారో, ఎవరు కదిపారో అక్కడికక్కడే రాయాలి. బట్టలు కోయాల్సి వస్తే కత్తి దిగిన రంధ్రం, తూటా రంధ్రం మీదుగా కోయకూడదు. ఉరి వేసుకున్న మనిషి చనిపోయాడని స్పష్టంగా తేలకపోతే కింద ఒకరు బరువు మోస్తుండగా తాడు కోయాలి. ముడిని విప్పొద్దు, ముడికి దూరంగా కోయండి. దర్యాప్తులో ఆ ముడే చాలా విషయాలు చెబుతుంది.

అపోహ: సాయం చేసినవాణ్ని ఠాణాకు తీసుకురావాలి.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ అతనికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ ఒక్క విషయంలో కానిస్టేబుల్ నోరు జారితే, ఆ రోడ్డు మీద మరో ఆటోవాడు ఆగడు.

అపోహ: రెండు రోజుల క్లాసు, ఒక సర్టిఫికెట్ ఉంటే ఏడాదికి సరిపోతుంది.

వాస్తవం: గుండె నొక్కే నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లో చేతుల్లోంచి జారిపోతుంది. ఏడాదికోసారి పెట్టే పెద్ద క్లాసు కన్నా వారానికో పావుగంట విలువైనది. రోల్‌కాల్ అయ్యాక, అక్కడే, యూనిఫాంలోనే చేయించాలి.

మొదటి వారం సీపీఆర్ (గుండె ఆగినవాడి ఛాతీ నొక్కడం, ఊపిరి ఊదడం). ఛాతీ నడుమ 5 సెంటీమీటర్ల లోతుకు, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎందుకంటే అలిసిన చెయ్యి లోతుకు దిగదు, ఆ సంగతి నొక్కేవాడికి తెలియదు. నీట మునిగినవాడికైతే ముందు ఊపిరి ఊదాలి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పని పూర్తిగా మానాలి. బొమ్మ కోసం ఆరోగ్య కేంద్రాన్ని అడగండి. దొరకకపోతే గట్టిగా కుక్కిన గోనెసంచి మీద లయ మాత్రం నేర్పవచ్చు, లోతు తెలియదు. రెండో వారం బిగింపు కట్టు, స్టాప్‌వాచ్ పెట్టి. మూడో వారం వైర్‌లెస్ సందేశం. నాలుగో వారం కాగితం ముక్కల మీద "ఊపిరి 36, నాడి ఉంది, మాట వింటున్నాడు" లాంటివి రాసి, పదిమంది చేతుల్లో పెట్టి, రిబ్బన్లు కట్టించడం.

ఆఖర్న ఒక్కసారి చెప్పకుండా కిట్ తెమ్మనండి. చాలా ఠాణాల్లో అసలు పరీక్ష అదే. కిట్ మాల్‌ఖానాలో (ఠాణా సామాను గదిలో) ఉంటుంది, తాళం సెలవు మీద వెళ్లినవాడి దగ్గర ఉంటుంది. కిట్ జీపులోనే ఉండాలి: 20 జతల చేతి తొడుగులు, 12 త్రికోణపు కట్టు గుడ్డలు, గాజుగుడ్డ (గాయం మీద వేసే పలుచని గుడ్డ), దృఢమైన కత్తెర, రెండు బిగింపు కట్లు, నాలుగు రంగుల రిబ్బన్ ముక్కలు పదేసి, మార్కర్, టార్చి, ఈల, మెరిసే జాకెట్లు నాలుగు, కోన్లు ఆరు, 20 మీటర్ల తాడు. నెలకోసారి టార్చి బ్యాటరీ చూడాలి.

అపోహ: ఘోరం చూసి వచ్చినవాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించేస్తే మనసు తేలికపడుతుంది.

వాస్తవం: ఒక్క విడతలో బలవంతంగా అంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. అది మేలు చేస్తుందని తేలలేదు, కొందరికి కీడు చేయవచ్చు. పని గురించిన సమీక్ష వేరు, అది తప్పకుండా జరగాలి: ఏం అనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, రేపటి నుంచి ఏం మారుస్తాం. మనసు సంగతి మాత్రం మనిషి ఇష్టానికి వదలాలి. ఆ రాత్రి అన్నం తిన్నాడా, ఇంటికి ఫోన్ చేశాడా అని జట్టు పెద్ద కనుక్కోవాలి. పిల్లల శవాలు మోసినవాణ్ని మర్నాడు మళ్లీ మార్చురీ డ్యూటీకి వేయకూడదు. నాలుగు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, సైరన్ వింటే ఒళ్లు వణకడం, తాగుడు పెరగడం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపాలి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. ఆ నంబరును నోటీసు బోర్డు మీద కాకుండా బాత్రూమ్ తలుపు లోపలివైపు అంటించండి. అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకోవచ్చు.