సర్వర్ ఓఎస్ వేస్తే ల్యాప్‌టాప్ పరుగెడుతుందా?

బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. మారతహళ్లి పీజీల్లో ఉండే మన కుర్రాళ్లలో నెలకొకరైనా అడుగుతుంటారు: "అన్నా, విండోస్ సర్వర్ వేసుకుంటే స్పీడ్ పెరుగుతుందట కదా?" విండోస్ సర్వర్ అంటే, కంపెనీల సర్వర్ కంప్యూటర్ల కోసం మైక్రోసాఫ్ట్ చేసే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్).

అపోహ: సర్వర్ ఓఎస్‌కి ఇంజినే వేరు.

వాస్తవం: కాదు. విండోస్ 11 24హెచ్2, సర్వర్ 2025 రెండింటి బిల్డ్ నంబరూ (ఏ కోడ్‌తో తయారైందో చెప్పే అంకె) 26100. కెర్నల్, అంటే ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం, ఒకటే. ఉబుంటు అనే లినక్స్ ఓఎస్ అయితే 12.04 వెర్షన్ నుంచే సర్వర్‌కి ప్రత్యేక కెర్నల్ ఇవ్వడం మానేసింది. ఉబుంటు సర్వర్ తేలిగ్గా అనిపిస్తుందంటే, అందులో గ్రాఫికల్ డెస్క్‌టాప్ ఉండదు, అంతే.

అపోహ: సర్వర్ ఓఎస్‌లో ఏ పనైనా వేగంగా అవుతుంది.

వాస్తవం: అసలు కిటుకు ప్రాసెసర్ టైమ్‌ని పంచే తీరులో ఉంది. డెస్క్‌టాప్ విండోస్ ఒక్కో థ్రెడ్‌కి (ప్రోగ్రామ్‌లో నడిచే ఒక్కో పనికి) మామూలుగా 2 క్లాక్ టిక్‌లు, అంటే సుమారు 31 మిల్లీసెకన్లు ఇస్తుంది. మీరు వాడుతున్న విండోకి మాత్రం దానికి మూడింతలు. సర్వర్‌లో అందరికీ ఒకే లెక్క: 12 టిక్‌లు, దాదాపు 187 మిల్లీసెకన్లు. పెళ్లి బంతిలో వియ్యంకుడి విస్తరి దగ్గర మళ్లీ మళ్లీ ఆగి వడ్డించేవాడు డెస్క్‌టాప్. ఎవరు కూర్చున్నా చూడకుండా వరసగా వడ్డించుకుపోయేవాడు సర్వర్. డేటాబేస్‌కి రెండోవాడే మేలు. వెనకాల ఏదో కంపైల్ అవుతుండగా బ్రౌజర్‌లో టైప్ చేసుకునే మీకు, మొదటివాడు కావాలి. పైగా ఈ సెట్టింగ్ విండోస్‌లోనే ఉంది. పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిచి "బ్యాక్‌గ్రౌండ్ సర్వీసెస్" ఎంచుకుంటే చాలు. సరదాకి మార్చి చూడండి, పైసా ఖర్చు లేదు.

అపోహ: మా ఫ్రెండ్ వేశాడు, నిజంగానే ఫాస్ట్ అయింది.

వాస్తవం: అయ్యే ఉంటుంది. మూడేళ్ల చెత్తంతా తుడిచేసి కొత్తగా ఏ ఓఎస్ వేసినా మొదటి వారం అలాగే ఉంటుంది. నేనూ ఒకసారి సర్వర్ 2019 వేసుకున్నా. వైఫై రాలేదు. "వైర్‌లెస్ ల్యాన్ సర్వీస్" అనే ఫీచర్‌ని విడిగా చేర్చుకోవాలని తెలిసేసరికి ఆదివారం అయిపోయింది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అయితే ఎంత తంటాలు పడినా జత కాలేదు. ఉచితంగా దొరికే ట్రయల్ 180 రోజులే. ఆ తర్వాత లైసెన్స్ కొనాలంటే కనీసం 16 కోర్లకు (ప్రాసెసర్‌లో పనిచేసే యూనిట్లకు) కట్టాలి, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నవి 4 అయినా సరే!

మొన్న అడిగిన కుర్రాడి ల్యాప్‌టాప్ విప్పి చూస్తే 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్‌డిస్క్. బెంగళూరులో కంప్యూటర్ విడిభాగాలు దొరికే ఎస్పీ రోడ్డుకి తీసుకెళ్లి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని, వేగమైన డిస్క్), ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించా. సర్వర్ మాట మళ్లీ ఎత్తలేదు.