కోల్చిసిన్ వివాదం: మందుతోపాటు అటకెక్కిన పాఠం

గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) నొప్పికి వాడే చవక మాత్ర కోల్చిసిన్ గుండెపోటును ఆపుతుందా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 0.5 మిల్లీగ్రాముల మోతాదును గుండె రోగులకు వాడేందుకు 2023 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. 2024లో యూరప్ మార్గదర్శకాలూ దానికి చోటిచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో 7,062 మంది గుండెపోటు రోగులపై జరిపిన ‘క్లియర్ సినర్జీ’ ఫలితాలొచ్చాయి. అసలు మాత్ర వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా లేదు. దాంతో రక్తనాళాల వాపును (ఇన్‌ఫ్లమేషన్) అణచి గుండెను కాపాడాలన్న ఆలోచనే తప్పని కొందరు తీర్పిచ్చేస్తున్నారు.

ఆ తీర్పు తొందరపాటు. ఈ చిక్కుముడి పడింది 2017, 2018 సంవత్సరాల్లో.

2017 ఆగస్టులో అమెరికా గుండె వైద్యుడు పాల్ రిడ్కర్ బృందం ‘కాంటోస్’ ప్రయోగ ఫలితాలు ప్రకటించింది. అందులో 10,061 మంది పాల్గొన్నారు. అందరూ ఒకసారి గుండెపోటు వచ్చినవారే. మరో షరతు కూడా పెట్టారు: రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు, ఆపైన ఉండాలి. కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు నెలలకోసారి ఇచ్చారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒక్క రోగనిరోధక సంకేతాన్నే అడ్డుకుంటుంది. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ కదల్లేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కొవ్వును ముట్టుకోకుండా, ఒక్క వాపును తగ్గించి పూడికల జబ్బును వెనక్కి నెట్టవచ్చని అంత పెద్ద ప్రయోగంలో తేలడం అదే మొదటిసారి.

దీనికి జీవకణ స్థాయి ఆధారం 2010లోనే దొరికింది. ధమని గోడలో పేరుకున్న కొలెస్ట్రాల్ సూదుల్లాంటి స్ఫటికాలుగా మారుతుంది. మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం వాటిని మింగుతుంది, అరిగించుకోలేదు. లోపలి సంచి చిట్లుతుంది. ఎన్ఎల్ఆర్‌పీ3 అనే అలారం మోగి, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా బయటికొస్తుంది. గౌట్ రోగి కీలులో యూరిక్ ఆమ్ల స్ఫటికాలు మోగించేదీ ఇదే అలారం. గౌట్ మందు గుండె దాకా రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

మరి కనాకినుమాబ్ ఏమైంది? ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఏటా వెయ్యిమందిలో సుమారు ఆరుగురికి ముప్పు తప్పితే, ఒకరికి పైగా ఇన్ఫెక్షన్‌తో అదనంగా చనిపోయారు. మొత్తం మరణాల్లో తేడా తేలలేదు. పైగా మందు చాలా ఖరీదు. సీఆర్‌పీ బాగా తగ్గినవారికే ఇస్తామని తయారీ సంస్థ నోవార్టిస్ అడిగితే, 2018 అక్టోబరులో ఎఫ్‌డీఏ కాదంది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. బాధ ఏమిటంటే, మందుతోపాటు అది నేర్పిన పాఠాన్నీ అటకెక్కించారు. వాపు ఉన్నవారిని ముందు గుర్తించి, ఆ తర్వాతే వాపు మందు ఇవ్వాలన్నది ఆ పాఠం.

ఆ మరుసటి నెలలోనే, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌ను గుండె రోగులపై పరీక్షించిన ప్రయోగం విఫలమైంది. 4,786 మందిని తీసుకున్నారు, సీఆర్‌పీ షరతు పెట్టలేదు. మందు సీఆర్‌పీని తగ్గించనే లేదు. కోల్చిసిన్ ప్రయోగాల్లోనూ ఈ షరతు లేదు; ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు. 2019 నాటి ‘కోల్‌కాట్’లో 23 శాతం, 2020 నాటి ‘లోడోకో-2’లో 31 శాతం ముప్పు తగ్గింది. ‘క్లియర్ సినర్జీ’లో ఏమీ తగ్గలేదు. ఈ మూడింటిలో ఎక్కడా వాపు చూసి రోగులను ఎంచుకోలేదు.

విమర్శకుల మాటలోనూ బలముంది: ఈ మూడింటిలో పెద్దదైన ‘క్లియర్ సినర్జీ’లో సీఆర్‌పీ తగ్గినా ఫలితం మారలేదు, విరేచనాలు మాత్రం పెరిగాయి. అయితే వాపు అసలు లేనివారినీ కలిపి తీసిన సగటు, వాపుతో రగిలేవారి గురించి ఏమీ చెప్పదు.

ఇంటర్‌ల్యూకిన్-6 అనే మరో వాపు సంకేతాన్ని అడ్డుకునే జిల్టివెకిమాబ్ మందుపై చేపట్టిన ‘జ్యూస్’ ప్రయోగం మళ్లీ పాత షరతుకే వచ్చింది: సీఆర్‌పీ 2, ఆపైన. అందులో చేర్చుకున్నది ధమనుల జబ్బుతోపాటు మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నవారిని. వారిలో కిడ్నీలు బాగా పాడైనవారికి కోల్చిసిన్ ఇవ్వడం ప్రమాదకరం కావచ్చు.