డెబిట్ కార్డు క్యాష్‌బ్యాక్: ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు తగ్గుతోంది

ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇస్తామని ఖాతా తెరిపించిన ఓ ప్రైవేటు బ్యాంకు, దాన్ని అర శాతానికి తగ్గిస్తున్నట్టు మెసేజ్ పంపింది. తిరుపతిలో ఆ బ్యాంకు ఖాతాదారులు మండిపడుతున్నారు. వీరిలో పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, విశ్వవిద్యాలయ సిబ్బంది, చిన్న వ్యాపారులు ఉన్నారు. నెలకు పదివేల రూపాయలు కార్డు మీద ఖర్చు పెట్టే కుటుంబానికి ఇంతవరకు వంద రూపాయలు తిరిగి వచ్చేవి. ఇకపై యాభై వస్తాయి. యాభై రూపాయలకు ఇంత గొడవ ఎందుకని అనుకునేవారు ఉండవచ్చు. వారి బాధ యాభై రూపాయల గురించి కాదు. ఖాతా తెరిచేటప్పుడు ఇంటికి వచ్చి మరీ చెప్పిన మాటను రెండు వాక్యాల మెసేజ్‌తో వెనక్కి తీసుకున్నారన్నదే వారి బాధ. అది న్యాయమైన బాధే. అయితే ఆ డబ్బు అసలు ఎవరి జేబులో నుంచి వచ్చేదో ఖాతా తెరిచిన నాడే ఎవరైనా చెప్పి ఉంటే, ఈ రోజు వస్తుందని చాలామంది ముందే ఊహించేవారు.

క్యాష్‌బ్యాక్ డబ్బులో మొదటి వాటా దుకాణదారుడి జేబులో నుంచి వస్తుంది. గాంధీ రోడ్డులోని ఓ పెద్ద బట్టల దుకాణంలో రెండు వేల రూపాయల చీర కొని, వీసా లేదా మాస్టర్‌కార్డ్ డెబిట్ కార్డు గీకామనుకుందాం. దుకాణదారుడి ఖాతాలో రెండు వేలూ పడవు. ఎండీఆర్ (మర్చంట్ డిస్కౌంట్ రేటు, అంటే కార్డు చెల్లింపు మీద దుకాణదారుడు కట్టే రుసుము) పేరుతో గరిష్ఠంగా 0.90 శాతం, అంటే పద్దెనిమిది రూపాయల దాకా కోత పడుతుంది. ఆ పద్దెనిమిదిని ముగ్గురు పంచుకుంటారు: మనకు కార్డు ఇచ్చిన బ్యాంకు, దుకాణంలో స్వైపింగ్ మిషన్ పెట్టిన బ్యాంకు, మధ్యలో ఉన్న కార్డు నెట్‌వర్కు. మన బ్యాంకు తనకు అందిన వాటాలో నుంచే మనకు క్యాష్‌బ్యాక్ ఇవ్వాలి. ఒక శాతం అంటే ఇరవై రూపాయలు. మొత్తం కోతే పద్దెనిమిది అయినప్పుడు, అందులో ఒక వాటా మాత్రమే అందుకునే బ్యాంకు ఇరవై ఎలా ఇస్తుంది? ఏడాదికి రూ.20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న దుకాణంలో అయితే కోత 0.40 శాతమే. అంటే అదే రెండు వేలకు ఎనిమిది రూపాయలు. మన దేశపు సొంత కార్డు నెట్‌వర్కు రూపే డెబిట్ కార్డు అయితే ఏమీ లేదు, సున్నా.

ఈ అంకెలు ఒక్కరోజులో ఇక్కడికి రాలేదు. డెబిట్ కార్డుల ఎండీఆర్‌కు రిజర్వు బ్యాంకు 2012లో తొలిసారి పరిమితి విధించింది. రెండు వేల రూపాయల వరకు 0.75 శాతం, ఆపైన ఒక శాతం. మన ఖాతాలో ఉన్న సొంత డబ్బును ఖర్చు పెట్టడానికి, అప్పు మీద నడిచే క్రెడిట్ కార్డుతో సమానంగా దుకాణదారుడి నుంచి వసూలు చేయడం తగదన్న ఆలోచన దీని వెనుక ఉంది. అదే ఏడాది మార్చిలో రూపే కార్డు వచ్చింది. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాలతో అది ఊరూరికీ చేరింది.

2016 నవంబర్ 8 నాటి నోట్ల రద్దు ఈ కథను మలుపు తిప్పింది. కార్డు వాడితే చాలు, ఏదో ఒకటి చేతికి వస్తుందన్న అలవాటు జనానికి బలంగా అంటుకున్నది అప్పుడే. డిసెంబర్ 13 నుంచి పెట్రోలు బంకుల్లో కార్డుతో చెల్లిస్తే 0.75 శాతం తగ్గింపు ఇచ్చారు. డిసెంబర్ 25 నుంచి ఏప్రిల్ 14 దాకా లక్కీ గ్రాహక్ యోజన నడిచింది. రోజుకు పదిహేను వేల మందికి వెయ్యి రూపాయల చొప్పున బహుమతి. అప్పటి చిత్తూరు జిల్లాకు ఈ ఘట్టంతో మరో సంబంధం కూడా ఉంది. డిజిటల్ చెల్లింపులపై కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల కమిటీకి సారథ్యం వహించింది చంద్రగిరి మండలం నారావారిపల్లెలో పుట్టిన నారా చంద్రబాబు నాయుడు. 2017 జనవరి 24న ఆ కమిటీ మధ్యంతర నివేదిక ఇచ్చింది. నగదు వాడకాన్ని తగ్గించి, డిజిటల్ చెల్లింపులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలన్నది దాని సారాంశం.

ఒక చేత్తో ప్రోత్సాహకాలు ఇస్తూనే, వాటికి ఆధారమైన రుసుమును ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు మరో చేత్తో తగ్గిస్తూ వచ్చాయి. 2017 జనవరి 1 నుంచి వెయ్యి రూపాయల లోపు చెల్లింపులకు 0.25 శాతం, రెండు వేల లోపు వాటికి అర శాతంగా నిర్ణయించారు. 2018 జనవరి 1 నుంచి దుకాణం టర్నోవర్‌ను బట్టి ఇప్పుడున్న 0.40, 0.90 శాతాల పద్ధతి వచ్చింది. రెండు వేల లోపు లావాదేవీల ఎండీఆర్‌ను రెండేళ్లపాటు కేంద్రమే భరించింది. ఆ గడువు తీరగానే, 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డులకు, యూపీఐకి ఎండీఆర్‌ను పూర్తిగా ఎత్తేశారు. పెట్రోలు బంకుల్లో క్రెడిట్ కార్డులకు ఇస్తున్న తగ్గింపు అంతకు మూడు నెలల ముందే, 2019 అక్టోబర్ 1న ఆగిపోయింది.

ఆ తర్వాత యూపీఐ అన్నిటినీ మించి పెరిగింది. 2024 డిసెంబర్ ఒక్క నెలలోనే దేశంలో 1,673 కోట్ల యూపీఐ లావాదేవీలు జరిగాయి. గోవిందరాజస్వామి ఆలయ పరిసరాల్లో పూలమ్మే ఆమె బుట్ట దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఇరవై రూపాయల మూర పూలకు ఆమెకు ఇరవై రూపాయలూ అందుతాయి, ఒక్క పైసా తగ్గదు. ఇది మంచి మార్పు అని నేను గట్టిగా నమ్ముతాను. ఆమె దగ్గర ఎండీఆర్ తీసుకుని, అందులో నుంచి నాకు క్యాష్‌బ్యాక్ ఇస్తామంటే అది నాకు అక్కరలేదు. చిన్న కొనుగోళ్లు ఇలా ఫోన్‌లోకి వెళ్లిపోవడంతో డెబిట్ కార్డు నగల దుకాణాలకు, పట్టుచీరలకు, సూపర్ మార్కెట్లకు, ఆసుపత్రి బిల్లులకు పరిమితమైంది. బ్యాంకుకు వచ్చే వాటా ఆ మేరకు కుంచించుకుపోయింది.

అమెరికాలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 2010 నాటి చట్టంలోని డర్బిన్ సవరణ ప్రకారం, పెద్ద బ్యాంకులు డెబిట్ కార్డు లావాదేవీ మీద దుకాణాల నుంచి తీసుకునే రుసుముకు 2011 అక్టోబర్ 1 నుంచి పరిమితి పడింది. అంతకు ముందు సగటున 44 సెంట్లు ఉన్నది దాదాపు సగమైంది. చాలా బ్యాంకులు డెబిట్ కార్డు రివార్డులను ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా మరో అడుగు ముందుకు వేసి, డెబిట్ కార్డు వాడేవారి నుంచి నెలకు ఐదు డాలర్లు వసూలు చేస్తామని ప్రకటించింది. ఖాతాదారులు తిరగబడ్డారు. నవంబర్ 1న ఆ బ్యాంకు వెనక్కి తగ్గింది. రుసుమును అడ్డుకోగలిగారు కానీ, పోయిన రివార్డులు మాత్రం తిరిగి రాలేదు.

మరి ఇన్నాళ్లూ మన బ్యాంకు ఒక శాతం ఎలా ఇవ్వగలిగింది? ఖాతాదారులు అడగవలసిన అసలు ప్రశ్న ఇది. ఇలాంటి కార్డుతోపాటు సాధారణంగా కనీస నిల్వ నిబంధన కూడా ఉంటుంది. పాతిక వేలు ఉంచాలనుకుందాం. పొదుపు ఖాతాలో మూడు శాతం వడ్డీ ఇస్తే ఏడాదికి రూ.750 వస్తాయి. అదే డబ్బు ఆరున్నర శాతం ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేస్తే రూ.1,625. అంటే క్యాష్‌బ్యాక్ కోసం మనం వదులుకుంటున్నది రూ.875. కార్డుకు ఏటా రూ.200 రుసుము ఉంటే, జీఎస్టీతో కలిపి మరో రూ.236. మొత్తం రూ.1,111. నెలకు వంద చొప్పున ఏడాదికి రూ.1,200 వచ్చినంత కాలం లెక్క ఏదో సరిపోయింది. ఇప్పుడు రూ.600కు పడిపోయింది. బ్యాంకు తన దయతో ఇచ్చిందనుకున్న డబ్బులో పెద్ద భాగం ఖాతాదారుడి సొంత వడ్డీయే. క్యాష్‌బ్యాక్ సగం చేసిన బ్యాంకు కనీస నిల్వను పాతిక వేల దగ్గరే ఉంచితే అది నాకు అన్యాయంగా తోస్తుంది. ఒప్పందంలో తాను ఇవ్వవలసినది తగ్గించుకున్నవారు, ఎదుటివారి నుంచి తీసుకునేది కూడా తగ్గించాలి.

చట్టపరంగా ఖాతాదారుల చేతిలో ఉన్నది తక్కువే. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అధికారికి, అంటే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేసి వివరాలు అడగవచ్చు. కానీ బ్యాంకు తీసుకున్న వ్యాపార నిర్ణయాలను అంబుడ్స్‌మన్ పథకం విచారణ పరిధిలో నుంచి తప్పించింది. కాబట్టి శాతం ఎందుకు తగ్గించారన్న ఫిర్యాదు నిలబడటం కష్టం. పాత శాతం అమల్లో ఉన్నప్పుడు చేసిన కొనుగోళ్లకు కూడా కొత్త శాతమే లెక్కగట్టి ఉంటే, అది వేరే సంగతి. అలాంటివారు స్టేట్‌మెంటు, కార్డుతోపాటు ఇచ్చిన నిబంధనల కాగితం దగ్గర పెట్టుకుని శాఖలో రాతపూర్వకంగా అడగాలి, రసీదు తీసుకోవాలి.

డెబిట్ కార్డు తీసుకోవాలని ఖాతాదారుడిని బలవంతం చేయకూడదని, మరో సౌకర్యంతో దాన్ని ముడిపెట్టకూడదని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాల్లో స్పష్టంగా చెప్పింది. ఈ లెక్క గిట్టుబాటు కాదనుకునేవారు తక్కువ రుసుము ఉన్న మామూలు కార్డు ఇమ్మని, లేదా కనీస నిల్వ తక్కువగా ఉండే ఖాతాకు మార్చమని దరఖాస్తు ఇవ్వవచ్చు.