ఇక ఎవరూ తొడగని నంబర్లు: ఎన్‌హెచ్‌ఎల్‌లో జెర్సీ రిటైర్మెంట్ వెనకున్న కథ

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే మాంట్రియల్ కెనేడియన్స్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒంటి అంకె నంబరు కావాలని అడిగితే, ఇవ్వడానికి జట్టు దగ్గర మిగిలినవి రెండే: 6, 8. అవి కూడా అప్పటికే ఎవరి వీపు మీదా లేకపోతేనే. 1, 2, 3, 4, 5, 7, 9 స్టేడియం పైకప్పుకు బ్యానర్లుగా ఎక్కేశాయి. రెండంకెల్లో 10, 12, 16, 18, 19, 23, 29, 33 కూడా అక్కడే ఉన్నాయి. మొత్తం 15 నంబర్లు, వాటి మీద 18 మంది ఆటగాళ్ల పేర్లు. బోస్టన్ బ్రూయిన్స్‌లోనూ ఒంటి అంకెలు రెండే మిగిలాయి, 1, 6. టొరంటో మేపుల్ లీఫ్స్ కాస్త నయం, 2, 3, 8 ఉన్నాయి.

నంబరును రిటైర్ చేయడమంటే ఆ క్లబ్బులో ఆ నంబరు జెర్సీ ఇకపై ఎవరికీ ఇవ్వకపోవడం. దీనికి లీగ్ నియమావళిలో అర్హతలూ లేవు, ఓటింగూ లేదు. ఎవరిది రిటైర్ చేయాలో, ఎప్పుడు చేయాలో, చేసినదాన్ని మళ్లీ వాడుకలోకి తేవాలో వద్దో అంతా క్లబ్బు ఇష్టం. నంబర్ల గురించి లీగ్ పట్టించుకునేది వేరే సంగతులు: వీపు మీద అంకె కనీసం 10 అంగుళాల ఎత్తుండాలి, 00 కుదరదు, భిన్నాలు కుదరవు, మూడంకెలు కుదరవు. లీగ్ తానుగా పక్కన పెట్టింది ఒక్క 99ని. అంటే ఏ క్లబ్బుకైనా చేతిలో ఉండేవి 1 నుంచి 98 దాకా. ఈ ఆచారం ఘనతకు గుర్తుగా మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ అది మొదలైంది ఒక తలకు తగిలిన దెబ్బతో.

1933 డిసెంబరు 12న బోస్టన్ గార్డెన్‌లో బ్రూయిన్స్, మేపుల్ లీఫ్స్ ఆడుతున్నాయి. బోస్టన్ డిఫెన్స్‌మన్ ఎడ్డీ షోర్‌ను టొరంటో ఆటగాడు కింగ్ క్లాన్సీ పడగొట్టాడు. షోర్ లేచి, ఎదురుగా వీపు చూపించి నిలబడ్డ ఏస్ బెయిలీని వెనక నుంచి గుద్దాడు. బెయిలీకి ఆ గొడవతో సంబంధమే లేదు. హెల్మెట్లు లేని రోజులవి. తల నేరుగా మంచుకు కొట్టుకుని పుర్రె చిట్లింది. మెదడుకు రెండు ఆపరేషన్లు జరిగాయి. ప్రాణం దక్కింది గానీ ఆట పోయింది. అప్పటికి బెయిలీ వయసు 30. 1928–29 సీజన్లో లీగ్ మొత్తానికీ అత్యధిక పాయింట్లు సాధించినవాడు ఇతనే. షోర్‌కు 16 ఆటల సస్పెన్షన్ పడింది.

చేతిలో ఉపాధి పోయిన ఆటగాడి కుటుంబానికి డబ్బు కూడగట్టడానికి 1934 ఫిబ్రవరి 14న టొరంటోలోని మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో ఒక సహాయ మ్యాచ్ పెట్టారు. లీగ్‌లోని మిగతా జట్ల నుంచి ఏరిన ఆటగాళ్లు ఒకవైపు, లీఫ్స్ ఇంకోవైపు. వసూలు 20 వేల డాలర్లు దాటింది. ఆటకు ముందు ఏరిన జట్టులో ఉన్న షోర్ వచ్చి నిలబడ్డాడు, బెయిలీ చేయి చాచాడు, హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. ఆ రాత్రే బెయిలీ 6వ నంబరును ఇక ఎవరికీ ఇవ్వబోమని క్లబ్బు ప్రకటించింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో రిటైరైన మొదటి నంబరు అదే. ఎనిమిది రోజుల తర్వాత, ఫిబ్రవరి 22న బోస్టన్ తన డిఫెన్స్‌మన్ లయనెల్ హిచ్‌మన్ 3వ నంబరును రిటైర్ చేసింది. షోర్ 2వ నంబరు కూడా తర్వాత బోస్టన్ పైకప్పుకే ఎక్కిందనుకోండి, అది వేరే విషయం.

మూడేళ్లకు ఈ ఆచారానికి చావు తోడైంది. 1937 జనవరి 28న షికాగోతో ఆడుతూ మాంట్రియల్ తార హౌవీ మొరెంజ్ కాలు విరగ్గొట్టుకున్నాడు. స్కేటు చివర రింక్ చుట్టూ ఉండే చెక్క పలకలో ఇరుక్కుపోయింది, పైనుంచి అవతలి ఆటగాడు మీద పడ్డాడు. మార్చి 8న ఆసుపత్రిలోనే మొరెంజ్ కన్నుమూశాడు. అంత్యక్రియలు జరిగింది తాను ఆడిన మాంట్రియల్ ఫోరమ్‌లోనే. అదే ఏడాది నవంబరు 2న జరిగిన స్మారక మ్యాచ్‌లో 7వ నంబరును రిటైర్ చేశారు.

ఇలా తొలి నంబర్లలో చాలావరకు అర్ధాంతరంగా ఆగిపోయిన జీవితాలవి. టొరంటో అయితే దాన్నే నిబంధనగా మార్చేసింది: క్లబ్బులో ఉండగా ప్రమాదం వల్ల ఆట ఆగిపోయినవాళ్లకే రిటైర్మెంట్. ఆ లెక్కన దశాబ్దాల తరబడి అక్కడ అర్హులు ఇద్దరే. ఒకరు బెయిలీ. రెండోవాడు 5వ నంబరు బిల్ బారిల్కో. 1951 ఏప్రిల్ 21న అదనపు సమయంలో గోల్ కొట్టి లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిపించిన బారిల్కో, ఆ ఆగస్టులో చేపల వేటకు వెళ్లి చిన్న విమానంతో సహా ఉత్తర ఒంటారియో అడవుల్లో మాయమయ్యాడు. శిథిలాలు దొరికింది 1962 జూన్‌లో. మిగతా మహామహులకు ‘గౌరవ నంబరు’ అని బ్యానరు కట్టేవారు, జెర్సీ మాత్రం కొత్తవాళ్లు తొడుక్కునేవారు. చాలామంది దీనికి సర్దుకున్నారు, డేవ్ కియాన్ సర్దుకోలేదు. క్లబ్బు యజమాని హెరల్డ్ బాలర్డ్‌తో పడక 1975లో టొరంటో వదిలిన కియాన్, ఆ సగం గౌరవం తనకొద్దన్నాడు. చివరికి 2016 అక్టోబరు 15న, క్లబ్బు నూరో సీజన్‌లో, లీఫ్స్ పాత విధానాన్ని పక్కన పెట్టి గౌరవ నంబర్లన్నిటినీ రిటైర్ చేసింది, కియాన్ 14ను కూడా కలిపి. ఇప్పుడు అక్కడ 13 నంబర్లు, 19 పేర్లు. అప్పటిదాకా 21 వేసుకున్న జేమ్స్ వాన్ రీమ్స్‌డైక్, బోర్యే సాల్మింగ్‌కు దారిచ్చి 25కు మారాడు.

ఇక చిన్న నంబర్ల మీద అంత మోజెందుకు? పాతరోజుల్లో జట్టు చిన్నది, రెండో గోలీ (గోల్‌కీపర్) ఉండేవాడు కాదు, ఇరవై పైచిలుకు నంబర్లతో పని అయిపోయేది. దానికి తోడు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం రాత్రి రైళ్లలో. బెర్తులు జెర్సీ నంబర్ల వరుసలో పంచేవారని, చిన్న నంబరుంటే లోయర్ బెర్త్ ఖాయమని ఆనాటి ఆటగాళ్లు చెప్పేవారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అప్పర్ బెర్త్ పడ్డవాళ్లకు ఇందులో వివరించాల్సిందేమీ లేదు. డెట్రాయిట్‌లో 17తో మొదలైన గోర్డీ హౌ 9కి మారడానికి కారణం కూడా బెర్తే. మాంట్రియల్‌లో మోరిస్ రిషార్, డెట్రాయిట్‌లో హౌ, షికాగోలో బాబీ హల్ అంతా 9 వేసుకోవడంతో అది గోల్‌స్కోరర్ల నంబరైపోయింది. రిషార్ మొదట 15. తొమ్మిది పౌండ్ల బరువుతో కూతురు పుట్టాక 9 అడిగి తీసుకున్నాడు.

చిన్న నంబర్లు దొరక్కపోవడం వల్లే ఈ ఆటలో అన్నిటికన్నా పేరున్న నంబరు పుట్టింది. బోస్టన్‌లో 7 వేసుకునే ఫిల్ ఎస్పొజిటోను 1975 నవంబరులో న్యూయార్క్ రేంజర్స్‌కు పంపేశారు. అక్కడ 7 రాడ్ జిల్బేర్ది. వేరే నంబర్లు ప్రయత్నించి చివరికి ఎస్పొజిటో 77 తీసుకున్నాడు, 1976లో బోస్టన్ నుంచే వచ్చిన కెన్ హాడ్జ్ 88. 1977లో సూ సెయింట్ మారీ జూనియర్ జట్టులో చేరిన, తర్వాత ఈ ఆటలో అతి పెద్ద తార అయిన వేన్ గ్రెట్స్కీకి, తన ఆరాధ్యుడు హౌ లాగా 9 కావాలి. అది అప్పటికే వేరొకరి దగ్గర ఉంది. 14, 19 వేసి చూశాడు, ఆనలేదు. రేంజర్స్‌లో 77, 88 ఉండగా 99 ఎందుకు కాకూడదన్నాడు కోచ్ మజ్ మెక్‌ఫెర్సన్. గ్రెట్స్కీ చివరి ఆట 1999 ఏప్రిల్ 18న. 2000 ఫిబ్రవరి 6న టొరంటోలో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్‌లో 99ని లీగ్ మొత్తానికీ రిటైర్ చేశారు. అంతకు ముందు 99 వేసుకున్నవాళ్లు లేకపోలేదు. 1934–35లో మాంట్రియల్‌లో కొందరు, తర్వాత టొరంటోలో విల్ఫ్ పైమాంట్, విన్నిపెగ్‌లో రిక్ డడ్లీ వేసుకున్నారు.

అటు బోస్టన్‌లో ఎస్పొజిటో వదిలిన 7 తర్వాత కాలంలో రే బోర్క్‌కు వచ్చింది. 1987 డిసెంబరు 3న ఎస్పొజిటో నంబరును పైకి ఎక్కించే సభ పెట్టారు. బోర్క్ ఆ సీజన్లో 7తోనే ఆడుతున్నాడు కాబట్టి, అతను ఆడినంతకాలం వాడుకుంటాడనే అందరూ అనుకున్నారు. బోర్క్ మంచు మీద ఎస్పొజిటో దగ్గరకు స్కేట్ చేస్తూ వెళ్లి, ఒంటి మీది 7 జెర్సీ విప్పి చేతికిచ్చాడు. కింద ఇంకో జెర్సీ ఉంది, దాని మీద 77. బోస్టన్ తర్వాత ఆ 77ను కూడా రిటైర్ చేసింది.

రిటైరైన నంబరు తిరిగి కిందికి దిగిన సందర్భాలు చాలామంది అనుకునే దానికన్నా ఎక్కువ. అన్నీ ఒకే తీరువి కావు. బెయిలీ తన 6ను 1968లో తానే అడిగి మరీ రాన్ ఎలిస్‌కు ఇప్పించాడు, ఆ కుర్రాడి ఆట నచ్చి. ఎలిస్ ఆట మానేదాకా దాన్ని వాడాడు. పిట్స్‌బర్గ్ 1997 నవంబరులో మారియో లెమ్యూ 66ను రిటైర్ చేసింది. 2000 డిసెంబరు 27న అతను మళ్లీ ఆటలోకి వస్తే బ్యానరును కిందికి దించారు. 33 సెకన్లలో ఒక గోల్‌కు పాస్ ఇచ్చి ఆ దించుడును సార్థకం చేశాడు. విన్నిపెగ్ క్లబ్బు రిటైర్ చేసిన బాబీ హల్ 9, క్లబ్బుతో పాటు ఫీనిక్స్‌కు తరలివెళ్లాక, 2005లో కొడుకు బ్రెట్ హల్ కోసం దాన్ని తెరిచారు. ఐదు ఆటలాడి బ్రెట్ రిటైరయ్యాడు.

క్లబ్బు తప్పటడుగు వేసిన కేసు బోస్టన్‌ది. 1983లో మాంట్రియల్ పాత ఆటగాడు గీ లాపాంట్ బోస్టన్‌కు వచ్చి అలవాటైన 5 అడిగితే ఇచ్చేశారు. అది డిట్ క్లాపర్ నంబరు, 1947లోనే రిటైరైంది. క్లాపర్ కుటుంబం నుంచి, అభిమానుల నుంచి గొడవ లేచి లాపాంట్ 27కు మారాడు. ముప్పై ఏళ్ల తర్వాత, 2014లో, మాంట్రియల్ 5వ నంబరు బ్యానరు పక్కన అతని పేరూ చేరింది.

ఊరు మారితే ఏమవుతుందన్నదానికి జవాబు ఇంకా చేదు. క్విబెక్ నార్డిక్స్ 3, 8, 16, 26లను రిటైర్ చేసింది. 26 పీటర్ స్టాస్ట్నీది, ఆ క్లబ్బు చరిత్రలోనే మేటి. 1995లో క్లబ్బు డెన్వర్‌కు తరలి కొలరాడో అవలాంచ్ కాగానే నాలుగూ మామూలు నంబర్లయిపోయాయి. అదే కొలరాడో, రెగ్యులర్ సీజన్లో 94 ఆటలు మాత్రమే ఆడిన బోర్క్ 77ను 2001లో రిటైర్ చేసింది. ఆ ఆటల్లో కప్ గెలిచిన సీజన్‌వి కూడా ఉండొచ్చు. అయినా స్టాస్ట్నీని దించి బోర్క్‌ను ఎక్కించడాన్ని ఏ తూకంతోనూ సమర్థించలేం.

నంబర్లు అయిపోతున్నాయన్న గోల ప్రతి సభ తర్వాతా వినిపిస్తుంది. లెక్క వేస్తే అంత లేదు. మాంట్రియల్‌కు ఇంకా 83 నంబర్లున్నాయి, సీజన్లో జట్టు 23 మందిదే. ఇబ్బంది వచ్చేది సెప్టెంబరు శిక్షణ శిబిరంలో. అరవై మంది దాకా వస్తారు, కుర్రాళ్ల వీపుల మీద 70లు, 80లు కనిపిస్తాయి. మాంట్రియల్ దీనికి పంపకం పద్ధతి పట్టుకుంది. ఒకే బ్యానరు నంబరును ఇద్దరికి ఇస్తుంది: 12 డిక్కీ మూర్‌కు, ఇవాన్ కూర్న్వాయేకు, 16 ఆన్రీ రిషార్‌కు, ఎల్మర్ లాక్‌కు, 5 బెర్నీ జెఫ్రియాన్‌కు, లాపాంట్‌కు. జెఫ్రియాన్ సభ 2006 మార్చి 11న ఉందనగా అదే రోజు పొద్దున అతను చనిపోయాడు. అతని కోరిక మేరకు సభ ఆపలేదు. అతని భార్య మార్లీన్ హౌవీ మొరెంజ్ కూతురు. మామ 7ను సగం దాకా దించి, అల్లుడి 5తో జత చేసి, రెండిటినీ కలిపి పైకి లాగారు.

పైగా కొత్త తరం చిన్న నంబర్లను అంతగా అడగడం లేదు. సిడ్నీ క్రాస్బీ 1987 ఆగస్టు 7న పుట్టాడు, అందుకే 87. కానర్ మెక్‌డేవిడ్ 1997లో పుట్టాడు, అందుకే 97. రేపు రిటైరయ్యేవి ఇలాంటివే కాబట్టి శిబిరంలో పెద్దగా లోటు తెలియదు. అసలు ఆటగాడి పేరే లేకుండా రిటైరైనవీ ఉన్నాయి. మినసోటా వైల్డ్ 2000లో తన మొదటి సొంత మైదానం ఆటలోనే 1ని అభిమానులకు అంకితమిచ్చింది. వేగస్ జట్టు తన ఊళ్లో 2017 అక్టోబరు 1న జరిగిన కాల్పుల్లో చనిపోయిన 58 మంది కోసం 58ని పక్కన పెట్టింది.

చిక్కంతా ప్రకటన లేకుండా పక్కన పెట్టిన నంబర్లతోనే. మన క్రికెట్లోనూ ఇది చూశాం. 2017లో శార్దూల్ ఠాకూర్ 10 వేసుకుని దిగగానే సచిన్ అభిమానులు సోషల్ మీడియాలో విరుచుకుపడ్డారు. ఫిలడెల్ఫియాలో గోలీ పెలె లిండ్‌బర్గ్ 1985 నవంబరులో కారు ప్రమాదంలో పోయాక 31ని ఎవరూ తొడగలేదు, బ్యానరు మాత్రం లేదు. డెట్రాయిట్‌లో 16 వ్లదీమిర్ కాన్‌స్టాంటినోవ్‌ది. 1997లో కప్ గెలిచిన ఆరు రోజులకు లిమోజిన్ ప్రమాదంలో అతని ఆట ముగిసింది. 2001లో అక్కడికి వచ్చిన బ్రెట్ హల్ తన పాత నంబరు 16 అలా పక్కన పెట్టి ఉండటంతో 17తో సరిపెట్టుకున్నాడు.

డెట్రాయిట్‌లోనే అన్నిటికన్నా మొండి కేసు ల్యారీ ఆరీ 6. 1938లో యజమాని జేమ్స్ నారిస్ దాన్ని రిటైర్ చేశాడు. తర్వాత ఆరీ బంధువు కమ్మీ బర్టన్ ఒక్కడికే వాడుకోనిచ్చారు. ఏళ్ల తరబడి లీగ్ అధికారిక గైడ్ కూడా దాన్ని రిటైరైన నంబర్లలో చూపించింది. 1982లో క్లబ్బు ఇలిచ్ కుటుంబం చేతికి వచ్చింది, హాకీ మహామహులకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆరీ లేడన్న మాట వచ్చింది, గైడ్ నుంచి పేరు పోయింది. హాల్ ఆఫ్ ఫేమ్ ఉండాలన్న షరతు 1938లో లేదు, ఆ హాలే అప్పటికి లేదు. ఆరీ కుటుంబమూ, పాత అభిమానులూ అడుగుతూనే ఉన్నారు. 2017లో తెరిచిన లిటిల్ సీజర్స్ అరీనాలోనూ 6 బ్యానరు కట్టలేదు. అలాగని ఆ జెర్సీని కొత్త ఆటగాడికి ఇవ్వనూ లేదు.