కొత్త కూన, పాత పిల్లి: అపోహలు - వాస్తవాలు

కారు కింద దొరికిందనో, మెట్ల కింద ఏడుస్తోందనో పిల్లికూనను చంకలో పెట్టుకుని మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంట్లో ఇప్పటికే ఓ పిల్లి ఉంటుంది. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: "ఒకే గదిలో వదిలేస్తే అవే సర్దుకుంటాయి."

వాస్తవం: కొన్ని సర్దుకుంటాయి. చాలావరకు మొదటి రోజు పడిన భయం నెలల తరబడి పోదు. కొత్త పిల్లి ముందుగా వాసనగా పరిచయం కావాలి. కూనను నేరుగా ఓ గదిలో పెట్టి తలుపు వేయండి. తిండి, నీళ్లు, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు ఇసుక పోసి పెట్టే పళ్లెం), దాక్కోడానికి ఓ అట్టపెట్టె చాలు. విడి గది లేకపోతే బాత్రూమ్ అయినా సరే.

పాత బనీను ముక్కతో కూన చెంపలు నిమిరి, దాన్ని పెద్ద పిల్లి గిన్నెకు కాస్త ఎడంగా వేయండి. పెద్దదాని గుడ్డ కూనకివ్వండి. పిల్లుల బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి. మన కాళ్లకీ మంచం కోళ్లకీ మొహం రుద్దేది అందుకే. గుడ్డను ఓసారి వాసన చూసి, పట్టించుకోకుండా తిండి తింటే సగం పని అయినట్టే. అప్పుడు తలుపుకు అటూ ఇటూ గిన్నెలు పెట్టి, రోజుకింత దగ్గరికి జరపండి. తిండి ఆపి తలుపు వైపే చూస్తుంటే మళ్లీ వెనక్కి జరపాలి. ఒకదానికొకటి కనబడటం ఆ తర్వాతే, అదీ జాలీలోంచి. దీనికి రెండు వారాలు పడుతుందా, నెల పడుతుందా అన్నది పెద్ద పిల్లి ఇష్టం.

అపోహ: "బుస్సుమంటోంది, చంపేస్తుందేమో!"

వాస్తవం: 'దగ్గరికి రాకు' అంటోంది, అంతే. తిట్టకండి. నాకు టెన్షన్ పెట్టేది చప్పుడు చేయని పిల్లి: రెప్ప వేయకుండా చూస్తూ, ట్రేకి వెళ్లే దారికి అడ్డంగా కూర్చునేది. అందుకే రెండు పిల్లులకు మూడు ట్రేలు, వేరువేరు చోట్ల. కొట్లాటే మొదలైతే చేయి పెట్టకండి, మధ్యలో దిండు అడ్డం పెట్టండి.

అపోహ: "కూన చలాకీగానే ఉంది, రోగాలేముంటాయి?"

వాస్తవం: పైకి చలాకీగా ఉన్నా లోపల రోగం ఉండొచ్చు. అందుకే కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలి. వాంతులు, విరేచనాలు తెచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ టీకా పడని పిల్లుల ప్రాణం తీస్తుంది, ఇంట్లో ఏడాది దాకా బతకగలదు. ఫినాయిల్‌ని నమ్ముకోవద్దు, అది పిల్లులకే విషం. ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలాగి కడగాలి. కూనకు 6-8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకోసారి వేయించాలి. పెద్దదాని బూస్టర్ (మళ్లీ వేయించే టీకా) బాకీ ఉంటే ముందు అది. ఇక కూన ఒంటి మీది తామర మీ పిల్లలకీ అంటుకుంటుంది. గోమార్లకని కుక్కల మందు వేయకండి. అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి ప్రాణాంతకం.

అపోహ: "ఆడపిల్లి కదా, తల్లిలా చూసుకుంటుంది."

వాస్తవం: గ్యారంటీ లేదు. ఆపరేషన్ చేయించని గండుపిల్లి మాత్రం కూనను చంపే ప్రమాదం ఉంది.

అపోహ: "పెద్దది అలిగింది, రెండు రోజులైతే అదే వస్తుంది."

వాస్తవం: పూర్తిగా తిండి మానేసిన పిల్లికి, అందులోనూ లావుపాటి పిల్లికి, కొద్ది రోజుల్లోనే కాలేయం దెబ్బతింటుంది. రోజంతా ముట్టకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం కూడా పోయకపోతే రాత్రయినా సరే, అప్పుడే తీసుకెళ్లండి.